మాట చేరదనే వాదం: వినిర్మాణవాదంపై ఒక పరిశీలన

మనిషి తన మనసులోని భావాన్ని ఇంకొక మనిషికి చేర్చగలడా? చేర్చలేడన్న జవాబు సాహిత్య సభల్లో తరచుగా వినిపిస్తోంది. "రచనకు స్థిరమైన అర్థం లేదు, ఎవరి అర్థం వారిది" అని చెప్పి కూర్చుంటే చర్చ ముగిసిపోయినట్టే. కథలోని రైతు పురుగుమందు ఎందుకు తాగాడని అడిగితే, అది మీ పఠనం, నా పఠనం వేరు అంటున్నారు. ఈ ధోరణికి ఆధారంగా చూపే సిద్ధాంతం డీకన్‌స్ట్రక్షన్, మన విమర్శకులు వినిర్మాణవాదం అంటున్నది. దీన్ని బూర్జువా క్షీణ సంస్కృతి అని ఒక్క ముక్కలో కొట్టిపారెయ్యటం మనలో కొందరికి అలవాటు. కొట్టిపారేస్తే శ్రమ తగ్గుతుంది కాని విమర్శ జరగదు. అది చెప్పిందేమిటి, అందులో మనం తీసుకోవలసిందేమిటి, ఎక్కడ నిలబడి కాదనాలి అన్నవి విడివిడిగా చూడాలి.

స్విస్ భాషాశాస్త్రవేత్త ఫెర్డినాండ్ ద సొస్యూర్ పాఠాలు ఆయన చనిపోయిన మూడేళ్లకు, 1916లో, పుస్తకంగా వచ్చాయి. మాటకూ అది సూచించే భావానికీ సహజ సంబంధం లేదనీ, ఇతర మాటలతో ఉన్న తేడా వల్లనే మాటకు విలువ వస్తుందనీ ఆయన చెప్పాడు. చెట్టును 'చెట్టు' అనటానికి ఆ చెట్టులో కారణమేమీ లేదు. ఫ్రెంచి తత్వవేత్త జాక్ డెరిడా 1967లో వెలువరించిన మూడు పుస్తకాల్లో ఈ సూత్రాన్ని చాలా దూరం తీసుకుపోయాడు. తేడాల వల్లనే అర్థం పుడితే ఆ తేడాల వరసకు అంతమెక్కడ? శబ్దరత్నాకరంలో ఒక మాటకు అర్థం వెతికితే ఇంకొక మాట కనిపిస్తుంది. దానికోసం పేజీ తిప్పితే మరొకటి. అర్థం ఎప్పటికప్పుడు వాయిదా పడుతూనే ఉంటుంది. రాసినవాడి ఉద్దేశం ఈ వాయిదాను ఆపలేదు. కాగితం మీదికెక్కిన మాటను రచయిత లేనిచోట, అతడు ఊహించని సందర్భంలో కూడా చదువుతారు గదా. ఆ మూడు పుస్తకాల్లో ముఖ్యమైనదాన్ని 1976లో గాయత్రీ చక్రవర్తి స్పివాక్ ఇంగ్లీషులోకి తెచ్చింది. ఆ తర్వాత ఈ వాదం ఇంగ్లీషు చదివే ప్రపంచమంతా పాకి, 1990ల నాటికి తెలుగు చర్చల్లోకీ వచ్చింది.

ఇందులో నిజం లేకపోలేదు. సందర్భాన్ని బట్టి అర్థం మారుతుందన్న సంగతి మన శాస్త్రకారులకూ తెలుసు. 'సైంధవం తీసుకురా' అన్నది వాళ్లు ఇచ్చే పాత ఉదాహరణ. సైంధవమంటే ఉప్పు, గుర్రం కూడా. విస్తరి ముందు కూర్చుని అంటే ఉప్పు, ప్రయాణానికి బయల్దేరుతూ అంటే గుర్రం. నానార్థాలున్న మాటకు ఒక అర్థాన్ని నిర్ణయించే ఆధారాలను భర్తృహరి వాక్యపదీయంలో వరసగా చెప్పాడు: సాహచర్యం, విరోధం, ప్రకరణం, దేశం, కాలం మొదలైనవి. సందర్భానికి చివరి హద్దు గీయలేమన్నది డెరిడా అదనంగా అన్న మాట. భోజనం మధ్యలో ప్రయాణానికి తొందరపడుతున్నవాడు సైంధవం అడిగితే ఏం తేవాలి? పొరపాటు జరగవచ్చు. కాని సేవకుడు గుర్రాన్ని విస్తరి దగ్గరికి తోలుకొస్తే యజమాని "అది కాదురా" అంటాడు. సేవకుడికి అప్పుడు అర్థమవుతుంది. ఎవరి అర్థం వారిదనే మిత్రులు ఈ "అది కాదురా" అన్న మాటను లెక్కలోకి తీసుకోవటం లేదు. మనిషి ఒక్కసారి మాట్లాడి ఊరుకోడు. అడుగుతాడు, సరిదిద్దుతాడు, మళ్లీ చెప్తాడు. భావ వినిమయం ఒక్క వాక్యంలో పూర్తయ్యే పని కాదు, ఇద్దరు కలిసి చేసే శ్రమ.

సొస్యూర్ పుస్తకం సంగతే చూడండి. అది ఆయన రాసింది కాదు. తరగతిలో విద్యార్థులు రాసుకున్న నోటు పుస్తకాల ఆధారంగా ఇద్దరు సహోద్యోగులు కూర్చి అచ్చు వేశారు. తరవాత ఆ నోటు పుస్తకాలనూ, ఆయన స్వయంగా రాసుకున్న కాగితాలనూ దగ్గర పెట్టి చూసిన పండితులు అచ్చు పుస్తకంలో కొన్ని చోట్ల ఆయన ఆలోచన మారిపోయిందని చూపించారు. దీన్నిబట్టి భావం చేరదని కొందరు తీర్పు చెప్పవచ్చు. కాని మారిందని ఎలా తెలిసింది? దీన్నీ దాన్నీ చదివి, రెండూ అర్థం చేసుకుని, పోల్చి చూస్తేనే గదా! అపార్థాన్ని అపార్థమని పట్టుకోవాలంటే అర్థంలో ఎంతో కొంత ముందు చేతికి అంది ఉండాలి. ఏదీ అందనివాడికి అపార్థం కూడా తెలియదు.

డెరిడా అనుభవం కూడా ఇదే చెప్తోంది. 1971లో మాంట్రియల్‌లో చదివిన పత్రంలో ఆయన ఆస్టిన్ అనే ఇంగ్లీషు తత్వవేత్తను విమర్శించాడు. ఆస్టిన్‌ను డెరిడా తప్పుగా చదివాడని అమెరికన్ తత్వవేత్త జాన్ సెర్ల్ 1977లో రాశాడు. తననే సెర్ల్ సరిగా చదవలేదని డెరిడా దానికి సుదీర్ఘమైన జవాబిచ్చాడు. 1988లో ఈ వివాదం పుస్తకంగా వచ్చినప్పుడు, తాను సత్యాన్ని తోసిపుచ్చానని అనటం సరికాదని కూడా వివరించాడు. ఎవరి అర్థం వారిదైతే ఈ జవాబు అవసరమే ఉండదు. కాబట్టి పాఠకులు ఒకటి గమనించాలి. మన సభల్లో వినిపించే 'ఎవరి అర్థం వారిది' అన్న మాటను డెరిడా అంగీకరించలేదు. ఆయన పేరు మీద చెలామణి అవుతున్న చౌక సరుకు అది.

ఈ ప్రశ్న తీవ్రరూపం దాల్చింది పాల్ ద మాన్ విషయంలో. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో వినిర్మాణ విమర్శకు పెద్దదిక్కుగా ఉండి ఆయన 1983లో చనిపోయాడు. యువకుడిగా ఉన్నప్పుడు నాజీల ఆక్రమణలో ఉన్న బ్రస్సెల్స్‌లో, నాజీల అదుపులో నడిచిన పత్రికకు వ్యాసాలు రాశాడని 1987లో బయటపడింది. యూదులను యూరపుకు దూరంగా ఎక్కడో ఒక వలసలో ఉంచితే పాశ్చాత్య సాహిత్యానికి పెద్ద నష్టమేమీ ఉండదన్న ధోరణిలో సాగిన వ్యాసం 1941 మార్చి 4న అచ్చయింది. మిత్రుడి వ్యాసం మీద డెరిడా 1988లో దీర్ఘ వ్యాసం రాశాడు. అందులోని హింసను ఖండించాడు. ఖండిస్తూనే, మొరటు యూదు ద్వేషాన్ని నిరసించే వాక్యాలు కూడా అందులో ఉన్నాయని, వాటిని ఇంకొక రకంగా చదవవచ్చని చూపబోయాడు. చాలామంది దాన్ని సమర్థింపుగా తీసుకున్నారు. అలా తీసుకోవటం తప్పని ఆయన మళ్లీ రాయవలసి వచ్చింది.

ఒక మనిషి చేసిన తప్పును సిద్ధాంతానికి అంటగట్టటం విమర్శ కాదు. ఆ పని నేను చెయ్యటం లేదు. నా దృష్టి ఇంకొక విషయం మీద ఉంది. డెరిడా అల్జీరియాలో పుట్టిన యూదుడు. 1942లో, పన్నెండేళ్ల వయసులో, యూదు వ్యతిరేక చట్టాల కింద ఆయనను బడినుంచి పంపేశారు. ఆ రోజు 'యూదుడు' అన్న మాట అర్థం వాయిదా పడలేదు. ఆ మాటకు చట్టం నిర్వచనం రాసింది. బడి అధికారులు దాన్ని తడుముకోకుండా అమలు చేశారు. సిద్ధాంతంలో ఎంత జారే మాటైనా, అధికారం పట్టుకుంటే జారదు.

మన దగ్గరి ఉదాహరణ చూద్దాం. బ్రిటిషువాళ్లు 1894లో చేసిన భూసేకరణ చట్టం 2013 చివరిదాకా అమల్లో ఉంది. 'ప్రజా ప్రయోజనం' కోసం భూమి తీసుకోవచ్చునన్నది దాని ప్రాణం. ప్రజలంటే ఎవరు? భూమి పోయేవాడు ప్రజల్లోకి వస్తాడా రాడా? వినిర్మాణ పద్ధతిలో చదివితే ఆ మాటలోంచి ఎవరిని బయటికి తోశారో బయటపడుతుంది. ఇలాంటి చోట ఆ పద్ధతి మనకు పనికొచ్చే పనిముట్టు. తీసుకోవటానికి సంకోచం అక్కర్లేదు. కాని అక్కడితో ఆగితే చాలదు. ఫలానా భూమి ప్రజా ప్రయోజనానికి అవసరమని ప్రభుత్వం ప్రకటిస్తే ఆ ప్రకటనే తిరుగులేని సాక్ష్యమని ఆ చట్టంలోనే రాసుకున్నారు. అర్థాల ఆట సెమినారు హాల్లో సాగుతుంది. పొలం గట్టుమీద మాత్రం ఒకే అర్థం, సర్కారు ముద్ర వేసిన అర్థం. కాబట్టి మనం అడగవలసింది అర్థం స్థిరమా అస్థిరమా అని కాదు. దాన్ని ఎవరు, ఏ బలంతో, ఎవరి మేలుకోసం స్థిరపరుస్తున్నారు అని. వినిర్మాణవాదులు చాలామంది ఈ ప్రశ్న గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయారు.

ఆ గుమ్మం దాటినవాడు సోవియట్ రచయిత వొలోషినోవ్. మార్క్సిజాన్నీ భాషా తత్వాన్నీ కలిపి 1929లో ఆయన రాసిన పుస్తకంలో రెండు ముఖ్యమైన విషయాలున్నాయి. మొదటిది ఆత్మాశ్రయతకు సంబంధించింది. నా మనసు నాకే తెలిసిన మూసిన గది అనుకుంటాం. కాని ఆ గదిలో నేను ఆలోచించే మాటలు కూడా పదిమందిలో ఉండి నేర్చుకున్నవే. లోపలి మాట కూడా సమాజం ఇచ్చిందే అయినప్పుడు, బయటికి దారే లేదనటం కుదరదు. రెండోది, ఒకే మాటను వేర్వేరు వర్గాలు వాడతాయి. అందుకే మాట లోపల కూడా వర్గ పోరాటం జరుగుతుంది. అర్థంలో తేడాలు రావటానికి భాష స్వభావం కొంత కారణమైతే, మనుషుల బతుకుల్లో తేడాలు పెద్ద కారణం.

ఇది నాకు పుస్తకం కంటే ముందు ఒక విద్యార్థిని నేర్పింది. ఎనిమిదో తరగతికి 'సంక్రాంతి సెలవుల్లో నా ఆనందం' అని వ్యాసం ఇచ్చాను. ఒక అమ్మాయి నాలుగే వాక్యాలు రాసింది. తెల్లారుజామునే లేచి అమ్మతో మిరపకోతకు పోవటం, చేతులు మండటం, బడి ఎప్పుడు తెరుస్తారా అని చూడటం. విషయానికి సంబంధం లేదని పదికి మూడు మార్కులు వేశాను. పేపరు తీసుకుని వెళ్లబోతూ ఆ పిల్ల ఆగి, "మాకు బడే సెలవు సార్" అంది. అభ్యుదయ సాహిత్యం మీద ఉపన్యాసాలిచ్చే నాకు ఆ నాలుగు వాక్యాలు చదవటం రాలేదు. 'సెలవు' అన్న మాటకు నా ఇంట్లో ఉన్న అర్థమే అందరి అర్థమనుకున్నాను. నేను చెప్పింది ఆమెకు చేరలేదు, ఆమె రాసింది నాకు చేరలేదు. ఇంతవరకూ వినిర్మాణవాదులు చెప్పింది నిజమే. కాని ఆమె ఆగి ఇంకో మాట అంది. నాకు అర్థమైంది. మార్కులు దిద్దాను.

ఇక్కడ మన ఆత్మవిమర్శ కూడా ఉంది. రచయితకు నిబద్ధత ఉంటే చాలు, భావం దానంతటదే ప్రజలకు చేరుతుందని మనం చాలాకాలం నమ్మాం. చేరకపోతే ప్రజల చైతన్యం చాల్లేదన్నాం. వాళ్లు తిరిగి చెప్పేదాన్ని విన్నది తక్కువ. మాట అసలు చేరదనేవాడూ, చెప్పగానే చేరిపోతుందనేవాడూ ఇద్దరూ ఎదుటివాడి జవాబు కోసం ఆగరు.

పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి సవరల భాష రాదని ఊరుకోలేదు. ఏళ్ల తరబడి సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకున్నాడు, వాళ్ల పిల్లల కోసం వాచకాలు రాశాడు. సవర భాష మీద ఆయన వ్యాకరణ గ్రంథం 1931లో అచ్చయింది. రెండు భాషల మధ్య ఉన్న దూరాన్ని ఆయన చెయ్యవలసిన పనిగా చూశాడు. మన విమర్శకులూ రచయితలూ చెయ్యవలసింది అదే. మాట చేరలేదని తెలిసినప్పుడు ఎందుకు చేరలేదో వెళ్లి అడగాలి. జవాబు వినాలి. మన మార్కులు మనం దిద్దుకోవాలి.