భగ్నప్రేమకు పాట ఎక్కడ పెట్టాలి

ప్రేమ చెడిన చోట పాట పడాలన్నది తెలుగు సినిమాలో దాదాపు రాజ్యాంగం. అయితే ఆ పాట ఎవరి నోట రావాలి, ఎప్పుడు రావాలి, పాత్రే పాడాలా, వెనక నుంచి వినిపించాలా అన్నది మనం పెద్దగా మాట్లాడుకోం. బాగుందా, ఏడిపించిందా అన్నంతవరకే మన చర్చ. భగ్నప్రేమ గురించి ఒక సినిమా నిజంగా ఏమనుకుంటోందో డైలాగుల్లో కన్నా పాటను నిలబెట్టిన చోటులోనే ఎక్కువ బయటపడుతుందని నా వాదన. ఈ విషయంలో కొద్ది డబ్బుతో తీసిన ఇండిపెండెంట్ సినిమాలనే నాకు ఎక్కువ నమ్మబుద్ధి అవుతుంది. వాటి దర్శకులు మిగతావాళ్ల కన్నా నిజాయితీపరులని కాదు. పాట కోసం విడిగా సెట్టు వేసి, ఊరు మార్చి, కథను ఐదు నిమిషాలు పక్కన పెట్టే స్తోమత వాళ్లకు లేదు. గతిలేక పాటను కథలోంచే పుట్టించుకోవాల్సి వస్తుంది.

ముందు పెద్ద ఉదాహరణే తీసుకుందాం. వేదాంతం రాఘవయ్య 'దేవదాసు' 1953లో వచ్చింది. సంగీతం సి.ఆర్. సుబ్బరామన్‌ది, సినిమా విడుదల కాకముందే ఆయన పోయారు. సముద్రాల రాసి, ఘంటసాల పాడిన 'జగమే మాయ' ఇన్నేళ్లుగా తెలుగు మగవాడి దుఃఖానికి అధికారిక గీతం. పాటగా దానికి వంక పెట్టే సాహసం నాకు లేదు. కానీ అది కథలో చేసే పని చూడండి. సినిమాకు మూలమైన శరత్ నవలలో, దేవదాసు ప్రేమించిన పార్వతి అర్ధరాత్రి తెగించి అతని గదికి వచ్చి తనను ఏలుకోమని అడుగుతుంది. తండ్రికి ఎదురుచెప్పే ధైర్యం చాలక, కలకత్తా వెళ్లి, తెగతెంపుల ఉత్తరం రాసింది దేవదాసే. అంటే ఈ వియోగానికి ఒక కారణం ఉంది, ఒక చేతిరాత ఉంది. పాట మొదలవగానే ఆ ఉత్తరం మాయమవుతుంది. తప్పు లోకానిదవుతుంది, జీవితానిదవుతుంది. పార్వతికీ పాట లేకపోలేదు. 'అంతా భ్రాంతియేనా' కె. రాణి గొంతులో ఇప్పటికీ కోస్తుంది. అయినా దేవదాసు అనగానే ముందు చెవిలో పలికేది ఘంటసాలే. మత్తులో ఉన్నవాడి వాంగ్మూలాన్నే మనం తీర్పుగా రాసుకున్నాం.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే సినిమా, నాకు చాలా ఇష్టమైనది, డబ్లిన్ నుంచి వచ్చింది. జాన్ కార్నీ తీసిన 'వన్స్' 2007లో థియేటర్లకు వచ్చింది. ఖర్చు లక్ష యూరోలకు కాస్త పైన, షూటింగు 17 రోజులు. వీధి దృశ్యాలను దూరం నుంచి లాంగ్ లెన్సులతో తీశారు కాబట్టి పక్కన నడిచేవాళ్లలో చాలామందికి సినిమా తీస్తున్నారనే తెలియదు. తండ్రి దుకాణంలో వాక్యూమ్ క్లీనర్లు బాగుచేస్తూ వీధిలో పాడుకునే కుర్రాడిని ప్రేమించిన అమ్మాయి వదిలేసి లండన్ వెళ్లిపోయింది. పూలమ్ముకునే చెక్ అమ్మాయికి భర్త దూరంగా ఉన్నాడు, చిన్న కూతురుంది. పియానో కొనే తాహతు లేదు గనక సంగీత వాద్యాల షాపులో వాయించుకుంటుంది. అక్కడ అతను తన పాట కాగితం ఆమె ముందు పెట్టి, ఏ కార్డ్ తర్వాత ఏది వస్తుందో చెబుతాడు. ఆమె తడుముకుంటూ అందుకుంటుంది, కాసేపటికి గొంతు కలుపుతుంది. తర్వాత ఆస్కార్ అందుకున్న 'ఫాలింగ్ స్లోలీ' అదే. అందులో ఒకరినొకరు చూసి కరిగిపోవడం కన్నా వేళ్లు ఎక్కడ పెట్టాలో చూసుకోవడమే ఎక్కువ. ఇంకోచోట అతనిచ్చిన ట్యూనుకు మాటలు కడుతుంటే ఆమె సీడీ ప్లేయర్ బ్యాటరీలు అయిపోతాయి. కూతురి డబ్బాలోంచి చిల్లర తీసుకుని, ఇంటిబట్టలతోనే రాత్రిపూట అంగడికి వెళ్లి బ్యాటరీలు కొని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాడుకుంటూ తిరిగి నడుస్తుంది. ఆమె దుఃఖం ఎంతటిదో పాట చెబుతుంది. ఎంతలో బతుకుతోందో ఆ చిల్లర చెబుతుంది. రెండూ ఒకే నడకలో ఉన్నాయి. రికార్డింగు ముగిశాక ఇంజనీరు అందర్నీ కారెక్కించి, నాసిరకం స్పీకర్లలో పాట ఎలా వినిపిస్తుందో పరీక్షిస్తాడు. గుండెకోతను ఇలా పనిగా, నాణ్యత చూసుకోవాల్సిన సరుకుగా చూపించిన సినిమాలు అరుదు. చివరికి వాళ్లిద్దరూ కలవరు. ఆ సంగతికి సినిమా ఎవర్నీ శపించదు.

వాళ్లు పాటగాళ్లు గనక సరిపోయింది, పాడటం రానివాళ్ల మాటేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు విశాఖలో ఉంది. వెంకటేశ్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో వచ్చింది. నటుల్లో చాలామంది కంచరపాలెం పేట జనమే. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు (ఈ కథకు తగిన వృత్తే). బడిలో పాడే సునీతను ఇష్టపడ్డ సుందరం, బ్రాహ్మణ అమ్మాయి భార్గవిని ప్రేమించిన జోసెఫ్, వైన్ షాపులో పనిచేస్తూ ముసుగు పైన కనిపించే కళ్లను మాత్రమే చూసి సలీమాను ప్రేమించిన గడ్డం. ఈ ముగ్గురిలో గాయకుడు లేడు. మూడు ప్రేమలూ కూలినప్పుడు స్వీకార్ అగస్తి బాణీలో 'ఆశా పాశం' వెనక నుంచి వస్తుంది. ఇదీ నేపథ్య గీతమే కదా, దేవదాసు పద్ధతే కదా అనవచ్చు. తేడా పాట నిలబడ్డ చోటులో ఉంది. అది ఏ ఒక్కరి పక్షానా వకాల్తా పుచ్చుకోదు; ముగ్గురి మధ్య తిరుగుతుంది. తిరుగుతూనే తండ్రి పరువును, మతాన్ని, హింసను కళ్లెదుటే ఉంచుతుంది. విధి మీదికి నెట్టేసే వీలు ఇవ్వదు. ఇంకో చమత్కారం కూడా ఉంది. ఈ ముగ్గురూ, నలభై తొమ్మిదేళ్ల అటెండరు రాజూ ఒకే మనిషని చివర్లో గదా తెలిసేది! ఆ గుట్టును పాట అప్పటికే విప్పేసింది. మూడు దుఃఖాలనూ ఒకే గొంతుతో కుట్టింది. ఏడుస్తున్న ప్రేక్షకుడు గమనించలేదంతే.

చిన్న సినిమా కాబట్టి గొప్పదనే వాదనగా దీన్ని తీసుకుంటే నాకు ఇబ్బంది. ఒక గిటారు, ఒక కిటికీ, గడ్డం పెంచిన హీరో ఉంటే చాలు బాధ వచ్చేస్తుందనుకునే చిన్న సినిమాలకు కొదవ లేదు. అవి చవకలో తీసిన దేవదాసులే, ఘంటసాల లేని దేవదాసులు. డబ్బు లేకపోవడం ఒక ఇరుకును సృష్టిస్తుంది. ఆ ఇరుకులో పాటకు చోటు వెతకడం దర్శకుడి పని, అది ఎవరికి పడితే వాళ్లకు చేతకాదు.

అసలు చిక్కు మరోటి. ఇప్పుడు 'ఆశా పాశం' ఎక్కువమందికి చేరేది ఫోన్లో, సినిమాకు దూరంగా. వైన్ షాపు లేదు, భార్గవి తండ్రి లేడు, సలీమా కళ్లు లేవు. వినేవాడి సొంత కష్టం ఒక్కటే ఉంటుంది, పాట మళ్లీ లోకం మీద ఫిర్యాదైపోతుంది. అలా వినడం తప్పనలేను. రాత్రి రెండింటికి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాడికి కావలసింది ఓదార్పు, విమర్శ కాదు. కాకపోతే అది సగం పాట. మిగతా సగం సినిమాలో ఉండిపోయింది.