చెంచుల హద్దులు: ఒక గ్రంథ విమర్శ

మా పాతబస్తీ కొళాయిలకు వచ్చు కృష్ణాజలము నల్లమల కొండలను ఒరసికొని వచ్చుచున్నది. ఆ కొండలలోని చెంచులతో కలసి నివసించి, క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1943లో ‘ది చెంచూస్’ అను ఆంగ్ల గ్రంథమును వెలువరించెను. దుంపలు త్రవ్వుట, కొండచరియలపై తేనె తీయుట మొదలగు పనులను ఆయన కన్నులకు కట్టినట్లు వర్ణించెను.

అయితే ఉపశీర్షికలో చెంచులు కేవలము ‘దక్కను అడవిజనము’. ఈ పేరు చదువరిని దారి తప్పించును. ఏలయన, ఒక్కొక్క గుంపు తిరుగు అడవికి వంశపారంపర్యమైన హద్దులు గలవని ఆ గ్రంథమే చెప్పుచున్నది. హద్దులు ఎరిగినవారు ఆ నేలకు హక్కుదారులే గదా!

ఈ లోపము 2019లో స్పష్టమైనది. అమ్రాబాదు పులుల అభయారణ్యములో యురేనియం అన్వేషణకు ప్రతిపాదన రాగా చెంచులు ఎదిరించిరి. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం త్రవ్వకములకు వ్యతిరేకముగా తీర్మానించెను. చెంచుల భయము నిరాధారము కాదు. ముడిఖనిజమునుండి యురేనియమును తీసిన పిదప మిగులు వ్యర్థములో రేడియం నిలిచియుండును. రేడియం-226 అర్ధజీవితకాలము సుమారు 1,600 ఏండ్లు. వ్యర్థము నీట గలిసినచో ముందుగా నష్టపడువారు చెంచులు. పిదప నదికి దిగువనున్న మనము.

ఉపాధ్యాయులు ఈ గ్రంథమును తప్పక చదివింపవలెను. కాని ఉపశీర్షికతో గాక, హద్దులను గూర్చిన భాగముతో ప్రారంభింపవలెను.