ఎర్రబడని కన్ను

మోకాలు వాచిందని చూపిస్తే కంటి డాక్టరు దగ్గరికి ఎందుకు పొమ్మన్నారో చాలామంది తల్లిదండ్రులకు అర్థం కాదు. రుద్రూర్, వర్ని వైపు నుంచి వచ్చేవాళ్లు నన్ను అడిగే మాట దాదాపు ఒక్కటే. "మోకాలికి మందులు రాసిచ్చిండ్రు సారూ, కండ్లకేమైంది? మంచిగనే చూస్తది గదా!" వాళ్ల మాటలో తప్పేమీ లేదు. కన్ను ఎర్రగా లేదు, నీరు కారడం లేదు, పుసులు కట్టడం లేదు. పిల్ల నొప్పి అనదు, టీవీ చూస్తుంది, పలక మీద చక్కగా దిద్దుతుంది. అయినా ఆ కంటి లోపల వాపు ఉండొచ్చు. దాన్నే యువియైటిస్ అంటాం.

పదహారేళ్లు నిండకముందే కీళ్లు వాచి, ఆరు వారాలైనా తగ్గక, వేరే కారణమేదీ తేలకపోతే అది జువెనైల్ ఆర్థరైటిస్. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఇలాంటి పిల్లలు పదిమందిలో ఒకరిద్దరికి కంట్లో వాపు వస్తుంది. ఎక్కువ భయం ఎవరికంటే, ఒకటి రెండు కీళ్లే వాచిన చిన్న ఆడపిల్లలకు, రక్తపరీక్షలో ఏఎన్ఏ పాజిటివ్ వచ్చినవాళ్లకు. మన దేశంలో మరో రకం కీళ్లవాతమూ బాగా కనిపిస్తుంది. కాస్త పెద్దవాళ్లైన మగపిల్లలకు మడమలు, తుంటి, నడుము పట్టేస్తాయి. వాళ్లకు కన్ను గబుక్కున ఎర్రబడి నొప్పి పుడుతుంది, ఆ రోజే దవాఖానకు పరుగెత్తుకొస్తారు. నా బెంగంతా ఏమీ చెప్పని ఆ చిన్నపిల్లల గురించే.

1910లో ఓమ్ అనే జర్మన్ కంటి వైద్యుడు, కీళ్లవాతం ఉన్న తొమ్మిదేళ్ల అమ్మాయి నల్లగుడ్డు మీద అడ్డంగా తెల్లటి పట్టీ ఏర్పడిన సంగతి రాశాడు. ఆ పట్టీ పైకి కనిపించేసరికి లోపల వాపు నెలలు, ఏళ్లుగా సాగి ఉంటుంది. కంటిపాప వెనక్కి అతుక్కుపోయి గుండ్రదనం పోతుంది, శుక్లం ముసురుతుంది, నీటికాసులు మొదలవుతాయి. నూరేళ్లు దాటినా కొందరు పిల్లలు మన దగ్గరికి ఆ దశలోనే వస్తున్నారు. నాకు మింగుడుపడని సంగతి ఇదే.

దీన్ని ముందుగా పట్టుకునేది స్లిట్ ల్యాంప్ ఒక్కటే. టార్చిలైటుకు దొరకదు, గోడ మీది అక్షరాల చార్టుకు అసలే దొరకదు. నల్లగుడ్డుకూ దాని వెనక ఉన్న రంగు పొరకూ మధ్య చిన్న నీటి గది ఉంటుంది. గదిలో దీపాలార్పి, ఒక మిల్లీమీటరు పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు ఉన్న వెలుగును ఏటవాలుగా ఆ నీటిలోకి పంపుతాం. ఆరోగ్యమైన కంట్లో అక్కడ ఏమీ కనిపించదు. వాపుంటే, పెంకుల సందులోంచి పడే ఎండపొరలో ధూళిలా తెల్లకణాలు మెల్లగా తేలుతుంటాయి. వాటిని లెక్కపెట్టాలి. ఒకటి నుంచి ఐదు దాకా ఉంటే వాపు స్థాయి అర, ఆరు నుంచి పదిహేను దాకా ఒకటి, యాభై దాటితే నాలుగు. 2005లో కుదిరిన ఈ లెక్క ప్రకారమే చుక్కల మందు పెంచడమా తగ్గించడమా అన్నది తేలుతుంది. పాపను పెద్దది చేసే మందు వేయకముందే లెక్కపెట్టాలి, వేశాక రంగు రేణువులు రాలి కణాల్లో కలిసిపోవచ్చు.

ఇదంతా నాలుగేళ్ల పిల్ల గడ్డం ఆనించి కదలకుండా ఉంటేనే. కుర్చీలో కూర్చుంటే అందదు, మోకాళ్ల మీద నిలబెడితే అందుతుంది. మోకాలు నొస్తే తల్లి ఒళ్లోనే. నేను తొందరపెట్టను. ముందు తన బొమ్మ గడ్డాన్ని అక్కడ పెట్టమంటాను, బొమ్మ కళ్లను తననే చూడమంటాను. పిల్ల భయపడితే వచ్చేసారి ఆ గది గుమ్మం కూడా తొక్కదు. ఈ పరీక్ష ఏళ్ల తరబడి సాగాలి.

భయం ఎక్కువున్న పిల్లలకు మూడు నెలలకోసారి, మిగతావాళ్లకు ఆరు నెలలకో ఏడాదికో. మోకాలు తగ్గిందని కంటి పరీక్ష మానకూడదు, కీళ్లు నెమ్మదించాక కూడా కన్ను వాస్తుంది. నిజాంసాగర్ ఆయకట్టులో నాట్లప్పుడో కోతలప్పుడో రమ్మంటే ఎవరూ రాలేరు, కూలి పోతుంది. అందుకే బడులు తెరిచేముందు, వినాయక చవితి దాటాక, క్రిస్మస్ సెలవుల్లో, హోలీ వెళ్లాక అని చెబుతాను. చీటీ మీద తేదీ వేసినదానికంటే ఇవి బాగా గుర్తుంటాయి.

వాపు కనిపిస్తే ముందు స్టెరాయిడ్ చుక్కలు. అవి రోజుకు ఎక్కువసార్లు, నెలల తరబడి వేస్తే అవే శుక్లం తెస్తాయి, కంటి ఒత్తిడి పెంచుతాయి. అందుకే మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కరోజే. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి ఏ రోజో అక్షరాల్లో రాసి, తల్లి చేత పైకి చెప్పిస్తాను. దానికీ లొంగకపోతే అడాలిముమాబ్ ఇంజెక్షన్. బ్రిటన్‌లో 90 మంది పిల్లలపై చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో, మెథోట్రెక్సేట్‌కు తోడు ఇది ఇస్తే ఎంత మేలంటే, ఆ పరీక్షను ముందే ఆపేశారు. 2014 చివరి నుంచి మన దేశంలో తయారైనదీ దొరుకుతోంది. అయినా ఒక రైతుకూలీ ఇంటికి అది ఇంకా భారమే, సర్కారే మోయాల్సిన భారమని నా అభిప్రాయం.

రుద్రూర్ నుంచి కీళ్ల డాక్టరు కోసం హైదరాబాద్ దాకా, నిమ్స్ లాంటి చోటికి పోక తప్పదు. స్లిట్ ల్యాంప్ కోసం అంత దూరం అక్కర్లేదు. గోదావరి అవతల ముథోల్‌లో ఎల్వీ ప్రసాద్ సంస్థ కంటి ఆసుపత్రి 1996 నుంచి ఉంది. 2018లో సర్కారు కంటి వెలుగు కార్యక్రమం ఊరూరా తిరిగింది, అద్దాలు కావాల్సినవాళ్లకు గొప్ప మేలు చేసింది. ఈ పిల్లలు మాత్రం అక్కడి అక్షరాల చార్టులో చివరి వరస దాకా చదివేస్తారు. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చే బాలల ఆరోగ్య బృందం తల్లిని ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే చాలు: పొద్దున లేవగానే పిల్ల కుంటుతోందా, ఏ కీలైనా వాచి తగ్గకుండా ఉందా? అవునంటే కీళ్ల డాక్టరుకు ఒక చీటీ, స్లిట్ ల్యాంప్ ఉన్న కంటి డాక్టరుకు ఇంకో చీటీ, రెండూ ఆ రోజే రాసివ్వాలి.