ముడి విప్పే పనితనం

రెండు చరరాశుల బహుపద సమీకరణాన్ని తృప్తిపరిచే బిందువులతో ఏర్పడే బీజీయ వక్రాన్ని స్నాతకోత్తర స్థాయిలో అధ్యయనం చేసేవారు అలవరచుకునే విద్యలో, సిద్ధాంతాల ధారణ కంటే కాగితం మీద ఓపికగా సాగే పనితనమే మిన్న. వై² = ఎక్స్³ + ఎక్స్² అనే వక్రం మూలబిందువు వద్ద తనను తానే ఖండించుకుంటుంది; రెండు పాక్షిక అవకలజాలూ సున్నా అయ్యే అటువంటి చోటును సింగ్యులర్ బిందువు అంటారు. అక్కడ వై స్థానంలో టీ·ఎక్స్ ప్రతిక్షేపించి, ఎక్స్²తో భాగించగానే టీ² = ఎక్స్ + 1 అనే నునుపైన పరావలయం మిగిలి, ఒకే బిందువులో చిక్కుపడిన రెండు శాఖలూ టీ = 1, టీ = −1 వద్ద విడివడతాయి. బ్లో-అప్ అనే ఈ ప్రక్రియ, ఇంత చిన్న లెక్కలోనే, నిజంగా అపురూపమైనది. గణితవేత్త రీమాన్ 1857లో ఆరంభించగా ఆయన శిష్యుడు రోఖ్ 1865లో పూర్తిచేసిన రీమాన్-రోఖ్ సిద్ధాంతానికి ఇటువంటి నునుపైన వక్రాలే సహజమైన నెలవు. ఈ విద్య కోరేవారు గణితవేత్త ఫుల్టన్ 1969లో వెలువరించిన ‘ఆల్జీబ్రాయిక్ కర్వ్స్’ పుస్తకంలోని అభ్యాసాలను స్వహస్తాలతో చేయాలి.