రాయిగా మారని మోకాలు

ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలి డెల్టాను పరిచే గోదావరి, అంతకు ఎంతో ఎగువన, ప్రాణహిత వచ్చి కలిసే సిరొంచ ప్రాంతంలో, కోటా శిలాశ్రేణి అనే సుమారు 18 కోట్ల ఏళ్ళ నాటి పొరలున్న సీమగుండా సాగుతుంది. ఆ పొరల్లో పోచంపల్లి దగ్గర 1958లో మొదటి ఎముకలు కనిపించగా, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు జరిపిన తవ్వకాల్లో సుమారు 300 ఎముకలు, వాటితోపాటు 1.7 మీటర్ల తొడ ఎముక ఒకటి బయటపడ్డాయి; 1975లో ఆ డైనోసార్‌కు బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లిలో దొరికి, 1988లో పేరు పొందిన మరో డైనోసార్ కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. డెల్టా ఒండ్రులో ఇటువంటివి వెతకనక్కరలేదు, ఆ మన్ను మరీ లేతది.

ఎముకలను వెలికితీయడం ఒక విద్య అయితే, వాటిని మోకాలి దగ్గర కలపడం వేరొక విద్య, రెండోదే కష్టం. డైనోసార్ తొడ ఎముక అడుగు కొసను కాలి ఎముకల తలమీద నిలిపితే అవి సరిగా అతకవు. ఎందుకంటే ఎముక కొసలను కప్పి ఉండే మెత్తని, జారుడు పదార్థమైన మృదులాస్థి శిలాజంగా మిగలడం అరుదు. మొసళ్ళలో, తాబేళ్ళలో ఈ మృదులాస్థి దళసరిగా ఉంటుంది. బల్లి జాతుల్లో మాత్రం ఎముక కొసలోనే మరొక ఎముక కేంద్రం ఏర్పడి గట్టిపడుతుంది గనుక, ఉడుము ఎండు ఎముకల్లో మోకాలి ఆకృతి చాలావరకు నిలుస్తుంది. మొసళ్ళనూ, ఉష్ట్రపక్షులనూ కొలిచిన అమెరికా పరిశోధకులు 2010లో, కొన్ని డైనోసార్లు వాటి ఎముకలు చెప్పేదానికన్నా 10 శాతం వరకూ ఎత్తుగా ఉండి ఉండవచ్చని లెక్కగట్టారు. అంటే మ్యూజియంలో నిలిపిన ఎత్తులో కొంత భాగం శిలది కాదు, నిలిపినవారి నిర్ణయానిది.

ఆ నిర్ణయానికి ఆధారం బతికి ఉన్న బంధువులే. బల్లి, తొండ, ఉడుముల తొడ పక్కకు చాచి ఉంటుంది. అడుగు వేసేటప్పుడు అది తన పొడవు చుట్టూ తాను కొంత తిరుగుతుంది కూడా, కనుక వాటి మోకాలు తలుపు బందులా ఒక్క దిశలో మడతపడితే చాలదు. మనిషి మోకాలిలో కాలి ఎముకలు రెండింటిలో లావుదైన అంతర్జంఘిక మాత్రమే తొడ ఎముకను తాకుతుండగా, బల్లుల్లో సన్నని బహిర్జంఘిక కూడా తొడ ఎముకతో కలుస్తుంది. కాళ్ళు శరీరం కిందికి వచ్చిన డైనోసార్లలో ఆ మెలిక తగ్గి, మోకాలు ప్రధానంగా ముందువెనుకల మడతగా మారింది. మొసలి ఈ రెంటి నడుమ ఉంటుంది: పాకనూ గలదు, పొట్ట ఎత్తి నడవనూ గలదు. కొండచిలువలో తొడ ఎముక తునక ఉన్నా మోకాలు లేదు.

మోకాలి చిప్ప కథ ఇంకా విచిత్రం. కండరాన్ని ఎముకకు కట్టే నారలో పుట్టే ఈ చిన్న ఎముక చాలా బల్లుల్లో ఉంది, మొసళ్ళలో, తాబేళ్ళలో లేదు, పక్షుల్లో మళ్ళీ ఉంది; ఒకే పూర్వీకుడి నుంచి సంక్రమించి ఉంటే ఇలా ఉండదు గనుక, క్షీరదాల్లో, పక్షుల్లో, బల్లుల్లో ఇది విడివిడిగా పుట్టిందని శాస్త్రజ్ఞులు భావిస్తారు.

కీలు పుట్టుక కూడా అంతే సూక్ష్మం. పిండంలో కాలు మొదట విడి ముక్కలుగా కాక, ఒకే మృదులాస్థి రేఖగా మొదలవుతుంది; మోకాలు రావలసిన చోట కణాలు మృదులాస్థిగా మారడం మాని సంధి మండలంగా నిలిచి, తరువాత అక్కడే ఖాళీ ఏర్పడుతుంది. గుడ్డులో కదలిక ఆపిన కోడి పిండాల్లో కీళ్ళు సరిగా ఏర్పడవని 1966లో వెలువడిన ప్రయోగం చూపింది. పిండం తన్నుకోవడం వృథా చేష్ట కాదు, కీలు నిర్మాణంలో భాగం.

ఇలాంటి కీళ్ళ కదలికను బతికి ఉన్న జంతువుల్లో చూడవచ్చు. ఉడుము, ఆలివ్ రిడ్లే సముద్ర తాబేలు వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి కనుక, డెల్టా విద్యార్థి వాటిని పట్టి కోయలేడు, కోయనక్కరా లేదు. కోనసీమలో కొబ్బరి మొదలు ఎక్కే తొండ వెనుక కాళ్ళను ఓపికగా గమనిస్తే, తొడ పక్కకు చాచి ఉన్న తీరూ, అడుగడుగునా అది తిరిగే తీరూ కనిపిస్తాయి. ఆడ తాబేలు ఇసుకలో గుంత తవ్వేటప్పుడు వెనుక రెక్కలను ఒకదాని తరువాత ఒకటిగా మడచి ఇసుక తోడే తీరు, కోరంగి వైపు తీరాన గుడ్లు పెట్టే నెలల్లో, అటవీ సిబ్బంది అనుమతితో దూరం నుంచి చూడదగినది.