చల్లారిన నిప్పు పక్కన

శ్రీకాకుళంలో మా వాళ్లు ఎప్పుడు ఫోన్ చేసినా ఒక మాట అంటారు. "మేం అరకు ఘాట్ రోడ్డెక్కి ఇప్పుడే దిగాం. మీకక్కడ ఏముంది, పొగ తప్ప?" ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే నేను పాతికేళ్లుగా ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి కారు తీస్తున్నాను. మా జంషెడ్‌పూర్‌లో మాంగో వంతెన దాటేటప్పటికి సువర్ణరేఖ మీద మంచు ఇంకా విడదు. పారడీ దగ్గర హైవే ఎక్కి ఘాట్‌శిల వైపు తిరిగితే ఎడమ చేతి పక్కన దల్మా కొండలు బారుగా లేస్తాయి. కుడి చేతి పక్కన కొంత దూరంలో నది, నది అవతల ఇంకో కొండల వరస. ఈ రెంటి నడుమ రోడ్డు. నంబరు మారి చాలా ఏళ్లయినా మా ఊళ్లో దీన్ని ఇప్పటికీ 33 అనే అంటారు.

ఘాట్‌శిల ఇక్కడికి 45 కిలోమీటర్ల దూరం. పని ఉన్నవాళ్లు గంటలో చేరతారు. నాకు పూట పడుతుంది. దారిలో ఎక్కడ కొండను కోసి రోడ్డు వేశారో అక్కడ బండి పక్కకు తీసి ఆపుతాను. కోసిన చోట రాతి రంగు చూస్తాను, పొరలు ఎటు వాలాయో చూస్తాను, అభ్రకం మెరుస్తుందేమోనని దగ్గరికి వెళ్తాను. అలా చూడటం నాకు నేర్పింది పుస్తకాలు కాదు, మా నాన్న.

నాన్న ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేస్‌లో పని చేశారు. నా చిన్నతనంలో రాత్రిపూట కరిగిన చిట్టెం, నాన్న మాటలో స్లాగ్, కుప్ప మీద ఒంపుతుంటే కడ్మా పేటలోని మా మేడ మీద నుంచి ఆకాశం ఎర్రబడటం కనబడేది. అమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతూ "అదిగో, నాన్న దీపం" అనేది. చాలా ఏళ్ల తరవాత, రిటైరయ్యాక, నాన్నను మొదటిసారి దల్మా మీదికి తీసుకెళ్లాను. మలుపు దగ్గర ఆపితే దిగి, నల్లగా, పచ్చగా ఉన్న రాతి మీద అరచెయ్యి పెట్టారు. వేళ్లతో దాని గరుకును తడిమారు. "ఏటిరా ఇది, మన స్లాగ్‌లాగే ఉంది! ఇది కూడా ఎక్కడో కరిగి పారిందే" అన్నారు.

ఆ మాట అక్షరాలా నిజం. దల్మా కొండల వెన్నెముక లావా. దాని వయసు 160 కోట్ల సంవత్సరాల పైమాటేనని అంచనా. ఇక్కడి భూమి పొర సాగి, పల్చబడి, లోపలి నుంచి కరిగిన రాయి పైకి తన్నుకొచ్చింది. కొన్ని చోట్ల ఆ లావా దిండ్లు పేర్చినట్టు గుండ్రంగా గడ్డకట్టి ఉంది. నీటి అడుగున పారి, చల్లటి నీళ్లు తగలగానే పైన పెంకు కట్టిన లావా మాత్రమే ఆ ఆకారం తీసుకుంటుంది. అంటే ఇవాళ ఏనుగులు తిరిగే ఈ కొండ ఒకనాడు నీళ్ల కింద మరిగిన నిప్పు. కొలిమి దగ్గర బతుకంతా గడిపిన మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది.

ఈ కొండల్లో బండి నడపడం నాకు ఒక విద్య. దాని నియమాలు కొన్నే. దల్మా ఘాట్‌లో ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు వేసే ఉంచితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. మలుపులో ఎక్కే బండికి ముందు దారి ఇవ్వాలి. అభయారణ్యంలో హారన్ కొట్టకూడదు. 1976లో ఏర్పడిన ఈ అభయారణ్యం ఏనుగులది. మందలు ఇక్కడి నుంచి బెంగాల్ అడవుల దాకా నడుస్తాయి, దారిలో మన హైవే అడ్డొస్తుంది. రోడ్డు మీద కొత్త పేడ, విరిగిన వెదురు కనబడితే ఆగి ఇంజను కట్టేసి కూర్చోవాలి. గుగ్గిలం చెట్ల కింద అలా కూర్చున్న అరగంటలే నాకు ఎక్కువగా గుర్తున్నాయి. ఫాల్గుణంలో మోదుగ పూసినప్పుడు కొండవాలు నిప్పంటుకున్నట్టు ఉంటుంది. ఆ పోలిక ఇక్కడ ఉత్త అలంకారం కాదు.

రోడ్డుకు కుడి పక్కన ఉన్న కొండల కథ ఇంకా పెద్దది. నది అవతల దాదాపు 200 కిలోమీటర్ల పొడవున విల్లులా వంగిన ఒక పట్టీ ఉంది. భూగర్భ శాస్త్రంలో దాని పేరు సింగ్‌భూమ్ షియర్ జోన్. రెండు అరచేతుల మధ్య పిండి పెట్టి ఒక చెయ్యి ముందుకూ ఒక చెయ్యి వెనక్కూ నలిపితే ఎలా సాగి పలకలవుతుందో, రెండు భూభాగాల నడుమ ఇక్కడి రాయి అలా నలిగింది. నలిగిన చోట పగుళ్లు, పగుళ్లలో లోతు నుంచి ఎక్కిన వేడి నీళ్లు, ఆ నీళ్లతో పాటు రాగి, యురేనియం. ముసాబని, రాఖా రాగి గనులు ఆ పట్టీలోవే. దేశంలో మొదటి యురేనియం గని జాదుగూడ కూడా ఆ పట్టీలోదే. ఐరిష్ భూగర్భ శాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ 19వ శతాబ్దంలోనే ఇక్కడి పురాతన రాగి తవ్వకాల గురించి రాశాడు. మనకన్నా ఎంతో ముందు, పేర్లు తెలియని మనుషులు ఈ కొండల్లో రాగి కరిగించి చిట్టెం కుప్పలు పోసి వెళ్లారు. మా నాన్న వాళ్ల వరసలో ఆఖరివాడు.

ఘాట్‌శిల చేరాక నది ఒడ్డున కూర్చుంటాను. సువర్ణరేఖ అన్న పేరు ఊరికే రాలేదు. ఈ నది ఇసుకలో సన్నటి బంగారు నలుసులు దొరుకుతాయి. ఒడ్డున ఉండే గిరిజన కుటుంబాలు చెక్క తట్టలో ఇసుక పోసి నీళ్లలో అటూ ఇటూ ఊపుతూ వాటిని ఏరుతాయి. మా అమ్మ బియ్యం గాలించినట్టే ఉంటుంది ఆ చేతి కదలిక. బరువైనది అడుగున నిలుస్తుంది, తేలికైనది నీళ్లతో పోతుంది. రోజంతా గాలిస్తే గింజంత కూడా రాకపోవచ్చు. కోట్ల ఏళ్ల కింద కొండ లోపల పేరుకున్నదాన్ని వాన కడిగి, నది మోసి, ఆఖరికి ఒక తల్లి చేతికి అందిస్తుంది.

హిమాలయాల్లోనూ నేను బండి నడిపాను. ఆ అందం వేరు, ఆ భయం వేరు. అవి ఇంకా పెరుగుతున్న కొండలు. భారత ఫలకం ఆసియాను తాకి అయిదు కోట్ల ఏళ్లయినా ఆ తోపు ఆగలేదు. అందుకే అక్కడ వాన పడితే రోడ్డు జారిపోతుంది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో ఇళ్ల గోడలు బీటలు వారి చాలా కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. అక్కడ చక్రం పట్టుకున్నవాడి చూపు పైనుంచి రాలే రాయి మీదే ఉంటుంది. మా లోయ ఆ ఉడుకంతా ఎప్పుడో చూసేసింది. సింగ్‌భూమ్ నేల 320 నుంచి 330 కోట్ల ఏళ్ల కిందటే సముద్రంలోంచి పైకి లేచిందని, ప్రపంచంలో అలా తొలుత లేచిన నేలల్లో ఇదొకటని 2021లో ఒక పరిశోధన తేల్చింది. ఆనాటి తీరపు ఇసుక రాయిగా మారి ఈ ప్రాంతంలో ఇంకా ఉంది. వయసు మళ్లిన పెద్దమనిషిలా ఈ నేల నిదానంగా కూర్చుని ఉంది. అడిగితే అన్నీ చెబుతుంది. మనమే బండి ఆపి అడగాలి.

తిరుగు ప్రయాణం నది దాటి ముసాబని, జాదుగూడ మీదుగా చేస్తాను. ఈ దారి అందంగానే ఉంటుంది, కానీ మనసు తేలికగా ఉండదు. గనుల పక్క ఊళ్లవాళ్లు రేడియేషన్ గురించి, రోగాల గురించి దశాబ్దాలుగా గోడు వెళ్లబోసుకుంటున్నారు. ఎగువన చాండిల్ ఆనకట్ట కింద ఎన్నో ఊళ్లు మునిగాయి. సంతాల్‌లు, హోలు, భూమిజులు ఈ కొండలను దేవతలుగా కొలిచిన చోటనే మనం ఇనుము, రాగి, యురేనియం తవ్వుకున్నాం. 1912లో మా ఊళ్లో మొదటి ఉక్కు దిమ్మ తయారైన నాటి నుంచి మా వంటి వలస కుటుంబాల కంచాల్లో అన్నం ఈ రాతిలోంచే వచ్చింది. నూరు కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఈ సంగతి గుర్తుకు రాదు. నలభైలో వెళ్తే తప్పించుకోలేం. నెమ్మదిగా నడపడమంటే నాకు అదే: ఎవరి నేల మీద, దేని మీద బతుకుతున్నామో తెలిసి బతకడం.

వచ్చే ఆదివారం మా పెదనాన్న మనవడు వస్తున్నాడు. వాడిదీ అదే ప్రశ్న, అక్కడ ఏముందని. చెప్పను. దల్మా ఘాట్ మొదట్లో తాళం వాడి చేతికిస్తాను. ముందు గేరు సంగతి చెబుతాను. తరవాత నాన్న ఆగిన మలుపు దగ్గర ఆపమంటాను.