సౌరకుటుంబ నమూనాలు: ఒక విమర్శ

హైస్కూలులో సౌరకుటుంబ పాఠము మొదలైనదనగానే థెర్మోకోలు బంతులకు గిరాకి కలుగును. పసుపురంగు పూసిన పెద్దబంతి సూర్యుడు. దాని చుట్టును తీగలపై ఎనిమిది చిన్నబంతులు. ఇట్టి నమూనా లేని వైజ్ఞానిక ప్రదర్శనము అరుదు. విద్యార్థి శ్రమపడినమాట నిజమే. అయినను అది గ్రహముల పేర్లు, వరుస తప్ప మరేమియు నేర్పదు. పైగా రెండు అబద్ధములు నేర్పును. గ్రహములు సూర్యునితో పోల్చదగినంత పెద్దవనునది మొదటిది. అవి ఇంచుమించు సమదూరములలో దగ్గరదగ్గరగా ఉన్నవనునది రెండవది.

పుస్తకములలోని పటము మూడవ అబద్ధమును చేర్చును. భూకక్ష్యను ఏటవాలుగా చూచినట్లు గీయుటచే అది కోడిగ్రుడ్డువలె సాగి కనబడును. నిజమునకు ఆ కక్ష్యను 20 సెంటీమీటర్ల పొడవున గీసినచో, పొడవునకును వెడల్పునకును గల భేదము మిల్లీమీటరులో ముప్పదియవ వంతైనను ఉండదు. పెన్సిలు గీతలోనే కలిసిపోవును. పటమును నమ్మిన పిల్లలు, భూమి సూర్యుని సమీపించుటచే వేసవి వచ్చునని ఊహింతురు. పిల్లల మాట అటుంచి, 1987లో అమెరికాలో తీసిన ‘ఎ ప్రైవేట్ యూనివర్స్’ అను చిత్రములో, హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన 23 మందిని ఋతువులకో చంద్రకళలకో కారణమడుగగా 21 మంది పొరబడిరి. భూమి సూర్యునికి మిక్కిలి దగ్గరగా ఉండునది జనవరి మొదటివారములో, అనగా సంక్రాంతికి ముందటి చలిలో! ఈ ఒక్కమాట తరగతిలో చెప్పినచో ఆ అపోహ నిలువదు.

దూరముల విషయమున ఈ దోషములకు మంచి విరుగుడు గై ఆటవెల్ 1989లో ప్రకటించిన ‘వెయ్యి గజాల నమూనా’. ఇందు అంగుళమునకు లక్షమైళ్లు. సూర్యుడు 8 అంగుళాల బంతి; భూమి మిరియపుగింజ. పిల్లలు గజమేసి అంగలు వేయుచు గ్రహములను నేలపై ఉంచుకొనుచు పోవలెను. కుజునివరకు మొత్తము 40 అంగలు. అక్కడనుండి గురుగ్రహమునకు మరి 95 అంగలు! ఈ 95 అంగలే పాఠమునకు ప్రాణము. నాలుగు గ్రహములను చకచక పెట్టివచ్చిన పిల్లలు, ఐదవది ఇంకను రాలేదేమని అడుగక మానరు. శూన్యమనగా ఎంతో వారి కాళ్లకు తెలియును. ఆటవెల్ నడక ప్లూటోతో ముగియును. 2006లో అది మరుగుజ్జుగ్రహముగా నిర్ణయింపబడినందున నెప్ట్యూన్‌వద్ద ఆగినను తప్పులేదు.

అంగుళములు, మైళ్లు మాత్రము తెలుగు విద్యార్థులకు అనువైనవి కావు. సెంటీమీటరునకు లక్ష కిలోమీటర్లని పెట్టుకొనుట మేలు. అప్పుడు సూర్యుడు 14 సెంటీమీటర్ల బంతి. భూమి 15 మీటర్ల దూరమున ఆవగింజ. చంద్రుడు దానికి 4 సెంటీమీటర్ల లోపుననే ఉండును. గురుడు 78 మీటర్ల దూరమున ఆడుకొను గోలీ; నెప్ట్యూన్ 450 మీటర్ల దూరమున కందిగింజ. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవు కాంతి ఇచ్చట 3 సెంటీమీటర్లే పోవును, చీమనడకయే! ఆ చీమ బంతినుండి ఆవగింజను చేరుటకు 8 నిమిషములకు పైగా పట్టును.

ఈ నమూనా సరియైనదని పరీక్షించుటకు ఒక ఉపాయము కలదు. ఆవగింజవద్ద నిలిచి చూచినచో బంతి, ఆకాశములో సూర్యబింబము కనబడునంతే కనబడవలెను. సూర్యుని సూటిగా చూచుట కంటికి ప్రమాదము కావున, అంతే కనబడు నిండుచంద్రునితో పోల్చుకొనవచ్చును. థెర్మోకోలు నమూనా ఇట్టి పరీక్షకు ఆగదు.

అయినను ఆటవెల్ పద్ధతిలో పెద్దలోపమొకటి ఉన్నది. గ్రహములన్నియు ఒకే గీతపై బారులుతీరి, కదలక నిలిచియుండును. ఉపాధ్యాయుడు చెప్పకున్నచో పిల్లలు దానిని కూడ నిజమనుకొందురు. దీనిని కొంత సరిదిద్దవచ్చును. ఆటస్థలమున 15 మీటర్ల త్రాటితో వలయము గీచి, అందుపై ఆవగింజకు గుర్తుగా ఒక మేకును నాటి, రోజుకు 26 సెంటీమీటర్ల చొప్పున జరుపవలెను. అనగా జానెడు పైచిలుకు. సంవత్సరాంతమునకు అది మొదలిడిన చోటికి వచ్చును. దానిని జరుపు పని వంతులవారీగా తరగతికి అప్పగింపవచ్చును. నెప్ట్యూన్‌కు ఈ యేర్పాటు కుదరదు: 1846లో కనుగొనబడిన ఆ గ్రహము అప్పటినుండి ఒక్క ప్రదక్షిణము ముగించుసరికి 2011 వచ్చినది.